ఏ.బి.ఎస్. హెచ్చరిక దీపం

ఏ.బి.ఎస్. హెచ్చరిక దీపం అనగా మోటారు వాహనాలలో చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే బ్రేకు వ్యవస్థలో లోపం ఏర్పడినప్పుడు, చోదకుని ఎదుట ఉండే మీటర్ల పలకపై వెలిగే పసుపుపచ్చ దీపం. ఒక వలయం నడుమ ఏ, బి, ఎస్ అనే మూడు ఆంగ్ల అక్షరాలు దీని గుర్తు. ఇది వెలిగినదంటే ఏ.బి.ఎస్. తనలోని లోపాన్ని తానే కనిపెట్టి, ప్రమాదం కలగకుండా తనంతట తాను విరమించుకున్నదని అర్థం. ఏ భాగం చెడిపోయినదో ఈ దీపం చెప్పదు. దానిని వెదకి పట్టుకొనే పనినే దోష నిర్ధారణ అంటారు.

పాత జీపు తరహా వాహనాలలో, అనగా నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఏర్పాటు కలిగి మట్టి దారులలో తిరిగే వాహనాలలో, ఈ దీపం తరచుగా వెలుగుతుంది. చాలా సందర్భాలలో కారణం చిన్నదే: చక్రం దగ్గర చేరిన బురద, తెగిన తీగ, తుప్పు పట్టిన ఎర్తు వంటివి. కారణం వెదకకుండా ఖరీదైన భాగాలు మార్చటం, లేదా దీపాన్నే పీకివేయటం అనే రెండు పొరపాట్లూ సర్వసాధారణం. దోష నిర్ధారణ క్రమాన్ని, నిజాంసాగర్ ఆయకట్టు వంటి నీరు, బురద ఎక్కువగా ఉండే ప్రాంతంలో గమనించవలసిన ప్రత్యేక విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చరిత్ర

చక్రం బిగుసుకుపోకుండా బ్రేకు వేయాలనే ఆలోచన మొదట విమానాల కొరకు పుట్టింది. ఫ్రాన్సుకు చెందిన వైమానిక నిర్మాత గాబ్రియెల్ వోజాన్ 1920లలో ఈ దిశలో ప్రయోగాలు చేశాడు. 1950లలో డన్‌లప్ సంస్థ రూపొందించిన మాక్సారెట్ అనే యాంత్రిక పరికరం విమానాలలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. 1966లో బ్రిటన్‌లో తయారైన జెన్సెన్ ఎఫ్.ఎఫ్. అనే కారులో ఈ మాక్సారెట్‌ను అమర్చారు. ఆ కారు నాలుగు చక్రాలకూ శక్తి అందేది కావటం విశేషం. ఎలక్ట్రానిక్ నియంత్రణతో నాలుగు చక్రాలకూ పనిచేసే ఆధునిక వ్యవస్థను బాష్ సంస్థ రూపొందించగా, 1978లో మెర్సిడెస్-బెంజ్ ఎస్-క్లాస్ కారులో ప్రవేశపెట్టారు.

భారతదేశంలో టాటా సఫారీ (1998), మహీంద్రా బొలేరో (2000), మహీంద్రా స్కార్పియో (2002), మహీంద్రా థార్ (2010) వంటి వాహనాలు గ్రామీణ ప్రాంతాలలో బాగా వ్యాపించాయి. ఈ తరహా వాహనాలలో ఏ.బి.ఎస్. చాలాకాలం ఖరీదైన రకాలకే పరిమితమై ఉండేది. ప్రయాణికుల కార్ల తరగతిలో 2018 ఏప్రిల్ నుండి కొత్తగా వచ్చే నమూనాలకు, 2019 ఏప్రిల్ నుండి అప్పటికే తయారవుతున్న నమూనాలకు కూడా దీనిని తప్పనిసరి చేశారు. అందువలన పాత వాహనం కొనేవారు, అందులో ఈ వ్యవస్థ అసలు ఉన్నదో లేదో ముందుగా తెలుసుకోవలెను. తాళంచెవి తిప్పిన వెంటనే ఏ.బి.ఎస్. దీపం కొద్ది క్షణాలు వెలిగితే వ్యవస్థ ఉన్నట్లే. దీపం అసలు వెలగకపోతే వ్యవస్థ లేకపోవచ్చు, లేదా ఎవరైనా బల్బు తీసివేసి ఉండవచ్చు.

పనిచేసే విధానం

దొర్లుతున్న చక్రానికి, నేలకు మధ్య ఉండే పట్టు స్థైతిక ఘర్షణపై ఆధారపడి ఉంటుంది. బ్రేకు గట్టిగా వేసినప్పుడు చక్రం బిగుసుకుపోతే టైరు నేలపై జారుతుంది. అప్పుడు పనిచేసేది జారుడు ఘర్షణ. తారు రోడ్డుపై ఇది స్థైతిక ఘర్షణ కంటే తక్కువ. అంతకంటే ముఖ్యంగా, జారుతున్న ముందు చక్రాలు స్టీరింగు మాట వినవు. అడ్డం వచ్చిన మనిషినో పశువునో తప్పించటానికి స్టీరింగు తిప్పినా వాహనం తిన్నగానే పోతుంది. ఈ స్థితి రాకుండా చూడటమే ఏ.బి.ఎస్. పని.

ఇందులో ప్రధాన భాగాలు నాలుగు.

* పళ్ళ చక్రం: బండి చక్రంతోపాటు తిరిగే ఇనుప వలయం. దీని అంచున సమాన దూరంలో పళ్ళు ఉంటాయి. ఇది హబ్బుపై గాని, ఇరుసుపై గాని, బేరింగు లోపల గాని ఉంటుంది.
* వేగ సెన్సరు: పళ్ళ చక్రానికి అతి దగ్గరగా, సాధారణంగా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఎడంలో బిగించి ఉంటుంది.
* నియంత్రణ పెట్టె: సెన్సర్ల నుండి వచ్చే సంకేతాలను లెక్కించి, ఏ చక్రం వేగం హఠాత్తుగా పడిపోతున్నదో కనిపెట్టే చిన్న కంప్యూటరు.
* కవాటాల దిమ్మ, పంపు: బిగుసుకుపోబోతున్న చక్రానికి బ్రేకు నూనె ఒత్తిడిని సెకనుకు అనేకసార్లు తగ్గించి, తిరిగి పెంచే భాగం. గట్టిగా బ్రేకు వేసినప్పుడు కాలి కింద పెడలు గడగడ కొట్టుకొనటానికి కారణం ఇదే.

పాత వాహనాలలోని సెన్సరులో ఒక శాశ్వత అయస్కాంతం, దానిచుట్టూ తీగచుట్ట ఉంటాయి. పళ్ళు ఎదురుగా కదలినప్పుడు అయస్కాంత అభివాహం మారి, తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. పదవ తరగతి భౌతికశాస్త్రంలో చదువుకొనే విద్యుదయస్కాంత ప్రేరణయే ఇక్కడ పనిచేస్తున్నది. చక్రం నెమ్మదిగా తిరిగితే పుట్టే వోల్టేజీ తక్కువ, వేగంగా తిరిగితే ఎక్కువ. తరువాతి కాలపు వాహనాలలో బయటి నుండి విద్యుత్తు అందుకొని పనిచేసే సెన్సర్లు వచ్చాయి. ఇవి అతి తక్కువ వేగంలో కూడా స్పష్టమైన సంకేతం ఇస్తాయి.

ఒక చిన్న లెక్క ద్వారా దీనిని అర్థం చేసుకోవచ్చు. 235/75 ఆర్ 15 కొలత గల టైరు చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 11.1 మీటర్లు. అనగా చక్రం సెకనుకు 4.8 చుట్లు తిరుగుతుంది. పళ్ళ చక్రంలో 48 పళ్ళు ఉన్నాయనుకుంటే సెకనుకు సుమారు 232 సంకేతాలు నియంత్రణ పెట్టెకు చేరతాయి. ఒక పన్ను విరిగినా, దాని సందులో గట్టి మట్టి పేరుకున్నా, ప్రతి చుట్టులో ఒకసారి లెక్క తప్పుతుంది. నియంత్రణ పెట్టె దానిని చక్రం ఆగిపోతున్నట్లు పొరబడే అవకాశం ఉన్నది. అటువంటి నమ్మరాని సంకేతాన్ని ఆధారం చేసుకొని బ్రేకు వదలటం ప్రమాదకరం కనుక, వ్యవస్థ తనను తాను ఆపివేసుకొని దీపం వెలిగిస్తుంది.

దీపం వెలిగే తీరు

దీపం ఎప్పుడు, ఎలా వెలుగుతున్నదో గమనించటం దోష నిర్ధారణలో మొదటి మెట్టు. దీనికి ఏ పనిముట్టూ అక్కరలేదు.

* తాళంచెవి తిప్పగానే వెలిగి, కొద్ది క్షణాలలో ఆరిపోవటం: ఇది స్వీయ పరీక్ష. లోపం ఏదీ లేదు.
* ఆరకుండా అలాగే వెలిగి ఉండటం: బండి కదలకముందే లోపం తెలిసినదని అర్థం. ఫ్యూజు, రిలే, తెగిన సెన్సరు తీగ, ఎర్తు లేదా పంపు మోటారును అనుమానించవలెను. గత ప్రయాణంలో నమోదైన లోపం మిగిలి ఉండటం వలన కూడా ఇలా జరగవచ్చు.
* ఆరిపోయి, బండి కొంత వేగం అందుకున్న తరువాత వెలగటం: తీగలు బాగానే ఉండి, కదలికలో సంకేతం సరిగా రావటం లేదని అర్థం. పళ్ళ చక్రం, సెన్సరు ఎడం, బురద, బేరింగు ఊగులాట ఇక్కడి అనుమానితాలు.
* గతుకులలోను, మలుపులలోను వెలిగి ఆరటం: వదులైన కనెక్టరు, లోపల విరిగిన తీగ, అరిగిన బేరింగు.
* ఇంజను స్టార్టు చేసేటప్పుడు మాత్రమే వెలిగి కొంతసేపటికి ఆరటం: బ్యాటరీ బలహీనత లేదా ఛార్జింగు లోపం.
* పసుపు దీపంతోపాటు ఎర్రని బ్రేకు దీపం కూడా వెలగటం: ఇది అన్నిటికంటే తీవ్రమైనది. బ్రేకు నూనె తగ్గి ఉండవచ్చు, లేదా ముందు వెనుక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా ఆగిపోయి ఉండవచ్చు. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించినా ఎర్ర దీపం ఆరకపోతే వాహనాన్ని నడపకూడదు.

దీపం వెలిగినప్పుడు పాటించవలసినవి

పసుపు దీపం ఒక్కటే వెలిగి, పెడలు ఎప్పటిలాగే గట్టిగా ఉంటే మామూలు బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి. వాహనాన్ని నెమ్మదిగా మెకానిక్కు వద్దకు తీసుకువెళ్ళవచ్చు. కాని పెడలు మెత్తగా లోపలికి దిగిపోతున్నా, బండి ఒక పక్కకు లాగుతున్నా అక్కడే ఆపివేయవలెను.

ఏ.బి.ఎస్. లేని స్థితిలో హఠాత్తుగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి. ముందు వాహనానికి ఎక్కువ దూరం పాటించటం ఒక్కటే నమ్మకమైన ఉపాయం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చోదకుడు ఒక సెకను ఆలస్యంగా స్పందించినా, బ్రేకు పడకముందే బండి దాదాపు 17 మీటర్లు పోతుంది. చక్రాలు జారుతున్నట్లు తోస్తే పెడలును కొద్దిగా వదలి మరల తొక్కవలెను. ఏ.బి.ఎస్. సక్రమంగా పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇలా చేయరాదు. అప్పుడు పెడలును గట్టిగా తొక్కిపట్టి, స్టీరింగుపై దృష్టి నిలపవలెను. వ్యవస్థ ఉన్నదని నమ్మిన చోదకుడు రెండవ పద్ధతినే అనుసరిస్తాడు. దీపం పీకివేసిన బండిని అతని చేతికిస్తే కలిగే ప్రమాదం ఇక్కడే ఉన్నది.

దోష నిర్ధారణ క్రమం

చౌకైన పరీక్షలు ముందు, ఖరీదైనవి తరువాత అనేది ఇక్కడి మూలసూత్రం. బండిని చదునైన చోట నిలిపి, మిగిలిన చక్రాలకు రాళ్ళు లేదా దిమ్మలు అడ్డుపెట్టవలెను. ఎత్తిన బండికి గట్టి స్టాండు పెట్టకుండా, జాకీని మాత్రమే నమ్ముకొని కిందికి దూరరాదు.

1. బ్రేకు నూనె, పెడలు: నూనె డబ్బాలో మట్టం గుర్తుల మధ్య ఉన్నదో లేదో చూడవలెను. తగ్గి ఉంటే కారటం వలన తగ్గినదా, బ్రేకు ప్యాడ్లు అరగటం వలన తగ్గినదా అని పరిశీలించవలెను. నూనె పోసి ఊరుకొనరాదు.

2. బ్యాటరీ: ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడుస్తున్నప్పుడు ఛార్జింగు సుమారు 13.5 నుండి 14.5 వోల్టులు చూపవలెను. వోల్టేజీ బాగా తగ్గినప్పుడు ఏ.బి.ఎస్. తనను తాను ఆపివేసుకుంటుంది. బ్యాటరీ కొమ్ములపై తెల్లని పొడి పేరుకొని ఉంటే శుభ్రం చేయవలెను.

3. ఫ్యూజులు, రిలేలు, ఎర్తు: ఏ.బి.ఎస్.కు సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ ఫ్యూజులు ఉంటాయి. పంపు మోటారుకు, కవాటాలకు పెద్దవి, నియంత్రణ పెట్టెకు చిన్నది. కంటితో చూసి బాగున్నదని అనుకోక మీటరుతో పరీక్షించవలెను. దిమ్మ నుండి ఛాసిస్‌కు వచ్చే ఎర్తు తీగ మొదలు తుప్పు పడితే, ఫ్యూజులన్నీ బాగున్నా దీపం వెలుగుతుంది.

4. టైర్లు: నాలుగు టైర్లూ ఒకే కొలతలో, సరైన గాలితో ఉండవలెను. 235/75 ఆర్ 15 టైరు వ్యాసం సుమారు 733 మి.మీ. కాగా, 215/75 ఆర్ 15 టైరు వ్యాసం సుమారు 703 మి.మీ. ఒక చక్రానికి చిన్న టైరు తొడిగితే అది ఎల్లప్పుడూ సుమారు నాలుగు శాతం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఎంత తేడాను భరించగలదనేది వాహనాన్ని బట్టి మారుతుంది.

5. లోప సంకేతాలను చదవటం: నియంత్రణ పెట్టె తాను గమనించిన లోపాన్ని ఒక సంఖ్యగా దాచుకుంటుంది. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు స్కానర్ తగిలించి దీనిని చదువుతారు. ఇంజను లోపాలు మాత్రమే చదివే చౌక స్కానర్లు చాలావరకు ఏ.బి.ఎస్. సంకేతాలను చదవలేవు. పరికరం కొనేముందు ఈ విషయం అడిగి తెలుసుకోవలెను. బ్రేకులకు సంబంధించిన సంకేతాలు సి అక్షరంతో మొదలవుతాయి. ప్రామాణిక పట్టికలో సి0035 ముందు ఎడమ, సి0040 ముందు కుడి, సి0045 వెనుక ఎడమ, సి0050 వెనుక కుడి చక్రాల వేగ సెన్సరు వలయాలను సూచిస్తాయి. తయారీదారులు తమ సొంత సంఖ్యలు వాడటం కూడా కద్దు. ఇంకా పాత వాహనాలలో స్కానర్ అవసరం లేదు. మాన్యువల్‌లో చెప్పిన రెండు పిన్నులను తీగతో కలిపి, దీపం ఎన్నిసార్లు మినుకుతున్నదో లెక్కించవలెను. ఉదాహరణకు పాత టొయోటా వాహనాలలో మూడుసార్లు, కొంత విరామం తరువాత ఒకసారి మినికితే 31, అనగా ముందు కుడి చక్రపు సెన్సరు సంకేతం. సంఖ్యను కాగితంపై వ్రాసుకున్న తరువాతనే చెరిపివేయవలెను.

6. చక్రం వద్ద పరిశీలన: సంకేతం సూచించిన చక్రాన్ని విప్పి సెన్సరు, తీగ, పళ్ళ చక్రాలను చూడవలెను. సెన్సరు కొనకు అయస్కాంత శక్తి ఉండటం వలన బ్రేకు నుండి రాలే ఇనుప పొడి దానికి అంటుకుంటుంది. మెత్తని గుడ్డతో తుడవవలెను. పళ్ళ చక్రాన్ని ఒక పూర్తి చుట్టు తిప్పి పగుళ్ళు, విరిగిన పళ్ళు, మట్టి చూడవలెను. చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపితే ఆడుతుంటే బేరింగు అరిగినదని అర్థం. బేరింగు ఆడితే సెన్సరు ఎడం మారుతుంది.

7. మీటరు పరీక్ష: తీగచుట్ట గల పాత సెన్సరు నిరోధం సాధారణంగా 800 నుండి 2500 ఓముల మధ్య ఉంటుంది. ఖచ్చితమైన విలువ మాన్యువల్‌లో ఉంటుంది. అది లేనప్పుడు అదే ఇరుసుకు రెండవ పక్క ఉన్న సెన్సరుతో పోల్చవలెను. అనంతం చూపితే తీగ తెగినది, సున్నాకు దగ్గరగా చూపితే షార్టు అయినది. తరువాత మీటరును ఏ.సి. వోల్టులపై పెట్టి, చక్రాన్ని చేతితో సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పితే స్వల్ప వోల్టేజీ కనపడవలెను. విద్యుత్తు అందుకొని పనిచేసే కొత్త తరహా సెన్సర్లను ఓము మీటరుతో పరీక్షించరాదు. వాటికి సరఫరా వోల్టేజీ వస్తున్నదో లేదో చూసి, స్కానరులో ప్రత్యక్ష వేగాన్ని గమనించవలెను.

8. తీగ పరీక్ష: సెన్సరు బాగుంటే, సెన్సరు నుండి నియంత్రణ పెట్టె వరకు ఉన్న తీగను పరీక్షించవలెను. స్టీరింగు తిప్పినప్పుడు, స్ప్రింగులు కదలినప్పుడు వంగే చోట తీగ లోపల విరిగి, పైతొడుగు మాత్రం బాగుండవచ్చు. మీటరు తగిలించి తీగను ఊపుతూ చూస్తే దోషం బయటపడుతుంది.

9. దిమ్మ, పంపు, నియంత్రణ పెట్టె: పై మెట్లన్నిటిలో లోపం కనపడనప్పుడే వీటిని అనుమానించవలెను. పాత నియంత్రణ పెట్టెలలో లోపలి టంకం చిట్లటం వలన బండి వేడెక్కినప్పుడు మాత్రమే దీపం వెలగవచ్చు. దిమ్మను విప్పితే బ్రేకు గొట్టాలలో గాలి చేరుతుంది. అనేక వాహనాలలో దానిని తీయటానికి స్కానర్ సాయం కావలెను. కనుక ఇది ఇంటివద్ద చేయదగిన పని కాదు.

మరమ్మతు పూర్తయిన తరువాత సంకేతాలను చెరిపి, ఖాళీ స్థలంలో నడిపి చూడవలెను. దీపం తాళంచెవితో వెలిగి, ఆరి, వేగం అందుకున్నాక కూడా వెలగకుండా ఉంటే పని నెరవేరినట్లు.

నాలుగు చక్రాల శక్తి గల వాహనాల ప్రత్యేకతలు

ఈ తరహా వాహనాలలో ఏ.బి.ఎస్. దీపం లోపం లేకుండా కూడా వెలగవచ్చు. కొన్ని వాహనాలలో డిఫరెన్షియల్‌ను లాక్ చేసినప్పుడు, లేదా బురద కొరకు ఉద్దేశించిన తక్కువ గేరు వరుసలోకి మార్చినప్పుడు, చక్రాలు ఒకదానితో ఒకటి ముడిపడి తిరుగుతాయి. అప్పుడు విడివిడి వేగాల పోలిక అర్థరహితం కనుక వ్యవస్థ విరమించుకుంటుంది. తారు రోడ్డు చేరి లాక్ తీసివేయగానే దీపం ఆరవలెను. ఆరకపోతే లాక్ పూర్తిగా వదలలేదేమో, లేదా దాని స్విచ్చి ఇరుక్కున్నదేమో చూడవలెను.

కొన్ని పాత వాహనాలలో వెనుక చక్రాలు రెండింటికీ కలిపి డిఫరెన్షియల్‌పై ఒకే సెన్సరు ఉంటుంది. దానిని చక్రాల వద్ద వెదకటం వ్యర్థం. మరికొన్నింటిలో వాహనం వేగం తగ్గే తీరును కొలిచే అదనపు సెన్సరు ఉంటుంది. ఇది వంకరగా బిగించబడినా దీపం వెలుగుతుంది.

కంకర, వదులు మట్టి వంటి నేలపై ఏ.బి.ఎస్. ఉన్న బండి ఆగే దూరం పెరగవచ్చు. బిగుసుకున్న చక్రం తన ముందు మట్టిని కుప్పగా తోసుకొని ఆగుతుంది. తిరుగుతున్న చక్రానికి ఆ కుప్ప ఏర్పడదు. ఇది వ్యవస్థ స్వభావమే తప్ప చెడిపోయినదనటానికి గుర్తు కాదు.

నిజాంసాగర్ పరిసరాలలో

నిజాంసాగర్ కామారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు వరకు ఇది నిజామాబాదు జిల్లాలో ఉండేది. గోదావరి ఉపనది అయిన మంజీరపై ఇక్కడ నిర్మించిన జలాశయం పనులు 1923లో ప్రారంభమై 1931లో పూర్తయ్యాయి. మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో ఇది రూపుదిద్దుకున్నది. దీని కాలువల కింద వరి ప్రధానమైన పంట. ఇటు ఎల్లారెడ్డికి, అటు కామారెడ్డికి, కాలువ గట్ల మీదుగా పల్లెలకు తిరిగే వాహనాలకు తారు రోడ్డు, మట్టి దారి, నీరు మూడూ తప్పవు. ఏ.బి.ఎస్. దీపానికి సంబంధించి ఇక్కడ గమనించవలసినవి ఇవి.

* పొలం బురద: నాట్ల కాలంలో దమ్ము చేసే ట్రాక్టర్ల కేజ్‌వీల్స్ నుండి రాలిన బురద రోడ్లపై పరచుకుంటుంది. నల్లరేగడి తడిసినప్పుడు జిగురుగా అంటుకొని, ఎండితే రాయివలె గట్టిపడుతుంది. పళ్ళ చక్రం సందులలో ఎండిన మట్టి సంకేతాన్ని చెడగొడుతుంది. చక్రాల లోపలివైపు నీటితో కడగటం మొదటి చికిత్స. ఎక్కువ ఒత్తిడి గల నీటి ధారను కనెక్టర్లపై నేరుగా కొట్టరాదు.
* వాగులు, లోలెవల్ వంతెనలు: నీటిలో దిగిన బండి కనెక్టర్లలోకి తేమ చేరి, కొన్ని దినాల తరువాత పచ్చని చిలుము పడుతుంది. దీపం వెంటనే వెలగక ఆలస్యంగా వెలగటం వలన, కారణం నీరేనని తోచదు. 2025 ఆగస్టు చివరిలో కామారెడ్డి జిల్లాలో కురిసిన అతి భారీ వర్షాలకు వాగులు పొంగి రోడ్లు తెగిపోయాయి. అటువంటి నీటిలో నిలిచిన వాహనానికి కనెక్టర్లు విప్పి ఆరబెట్టటం, హబ్బులలో, డిఫరెన్షియల్‌లో నీరు చేరినదేమో చూడటం అవసరం. పొంగే వాగులోకి మాత్రం ఏ వాహనాన్నీ దించరాదు.
* ఎలుకలు: వడ్ల బస్తాలు నిలవచేసే కొట్టాల పక్కన నిలిపిన బండ్లలో ఎలుకలు తీగలను కొరుకుతాయి. పక్కపక్కన ఉన్న రెండు మూడు తీగలు ఒకేచోట తెగి ఉండటం దీనికి గుర్తు.
* రోడ్లపై ఆరబోసిన వడ్లు: కోతల కాలంలో తెలంగాణలో రోడ్డులో ఒక పక్క వడ్లు ఆరబోయటం కద్దు. ఎడమ చక్రాలు వడ్లపై, కుడి చక్రాలు తారుపై ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే, ఎడమ పక్క పట్టు తక్కువ కనుక బండి కుడివైపుకు, అనగా ఎదురు వచ్చే వాహనాల వైపుకు తిరిగే ప్రమాదం ఉన్నది. ఏ.బి.ఎస్. అత్యవసరమైన సందర్భాలలో ఇది ఒకటి. వడ్ల పక్కన కూర్చున్న రైతులు, రాత్రివేళ వాటికి అడ్డుగా పెట్టిన రాళ్ళు కూడా ఉంటాయని చోదకులు మరువరాదు.

ఒక ఉదాహరణ

పై క్రమం ఎలా ఉపయోగపడుతుందో ఒక ఊహా సందర్భంతో చూడవచ్చు. వానాకాలంలో కాలువ గట్టు దారిన తిరిగిన పదిహేనేళ్ళ నాటి బండిలో దీపం తాళంచెవితో వెలిగి ఆరుతున్నది, కాని గంటకు 20 కి.మీ. దాటగానే మరల వెలుగుతున్నది. బండి కదలకముందు వెలగటం లేదు కనుక ఫ్యూజులు, పంపు, తెగిన తీగల అనుమానం తగ్గుతుంది. స్కానరులో సి0045, అనగా వెనుక ఎడమ సెన్సరు అని వచ్చింది. సెన్సరు మార్చవలెనని ఇక్కడే తీర్మానించటం పొరపాటు. సంకేతం చెప్పేది ఆ చక్రపు వలయంలో ఎక్కడో లోపం ఉన్నదని మాత్రమే.

చక్రం విప్పి చూడగా పళ్ళ సందులలో ఎండిన రేగడి ఉన్నది. తీసివేసి నడిపినా దీపం వెలిగింది. సెన్సరు నిరోధం కుడిపక్క సెన్సరుతో సరిపోయింది, కనుక సెన్సరు మంచిదే. చేతితో తిప్పినప్పుడు ఎడమపక్క వోల్టేజీ కుడిపక్క దానిలో సగం కూడా లేదు. అనగా సెన్సరుకు, పళ్ళకు ఎడం పెరిగినది. చక్రాన్ని ఊపితే ఆడుతున్నది. అసలు దోషం అరిగిన బేరింగు. దానిని మార్చగానే దీపం ఆరింది. కొత్త సెన్సరు బిగించి ఉంటే డబ్బు వృథా కావటమే కాక, ఏనాడో చక్రానికే ముప్పు తెచ్చే బేరింగు అలాగే మిగిలిపోయి ఉండేది.

సాధారణ పొరపాట్లు

* దీపపు బల్బు తీసివేయటం, లేదా దాని తీగను మరొక దీపానికి కలపటం. తరువాత బండి నడిపేవారిని, కొనేవారిని ఇది మోసగించటమే.
* సంకేతాన్ని వ్రాసుకోకుండా చెరిపివేయటం.
* బ్రేకు నూనెకు బదులు ఇంజను నూనె వంటివి పోయటం. ఖనిజ నూనె తగిలితే బ్రేకు వ్యవస్థలోని రబ్బరు భాగాలు ఉబ్బి పాడవుతాయి. డబ్బా మూతపై వ్రాసిన డాట్ 3 లేదా డాట్ 4 రకాన్నే వాడవలెను.
* బ్రేకు నూనెను ఏళ్ళ తరబడి మార్చకపోవటం. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందువలన మరిగే ఉష్ణోగ్రత తగ్గి, దిమ్మలోని కవాటాలు లోపల తుప్పు పడతాయి. రెండేళ్ళకు ఒకసారి మార్చటం వాడుక.
* పాత సామాను దుకాణం నుండి తెచ్చిన నియంత్రణ పెట్టెను, సంఖ్య సరిచూడకుండా బిగించటం. చూడటానికి ఒకేలా ఉన్నవి వేరువేరు పళ్ళ లెక్కకు తయారై ఉండవచ్చు.

చట్టపరమైన అంశాలు

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాడకపు వాహనాల నమోదు 15 ఏళ్ళ వరకు చెల్లుతుంది. ఆ తరువాత వాహనాన్ని తనిఖీ చేయించి, ఐదేళ్ళ చొప్పున నమోదును పొడిగించుకోవలెను. బ్రేకులు సక్రమ స్థితిలో ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి నిర్దేశిస్తున్నది. పాత జీపు తరహా వాహనాలలో అనేకం ఈ 15 ఏళ్ళ గడువుకు దగ్గరగానో, దానిని దాటియో ఉన్నాయి. తనిఖీకి ముందు దీపాన్ని దాచివేయటం కంటే, పై క్రమంలో కారణం కనిపెట్టి సరిచేయటం సులువు, క్షేమకరం కూడా.

ఇవి కూడా చూడండి

* బ్రేకు
* ఘర్షణ
* విద్యుదయస్కాంత ప్రేరణ
* నిజాంసాగర్
* మంజీరా నది
* కామారెడ్డి జిల్లా